మిత్రదేశం వాళ్లొస్తున్నారు, పొదలు కొట్టకండి

కౌకూర్,
ఆదివారం

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన సొరకాయలు అందాయి. మీ చెల్లెలు పార్వతి ఒకటి వండింది, ఒకటి పక్కింటికిచ్చింది, మూడోదాని వైపు చూస్తూ ఆలోచిస్తోంది.

ఫోను చేయకుండా ఉత్తరం రాశానని కంగారు పడకండి. ఆఫీసు సంగతులు ఫోనులో మాట్లాడకూడదు. అందుకే మీ అమ్మాయి ఇషిత చేతికిచ్చి పంపుతున్నాను. లోపల ఏముందో మా కోడలికి కూడా తెలియదు.

సరిహద్దుల్లో సైన్యం వాడే కెమెరాలు మా షామీర్‌పేట కంపెనీలో తయారవుతాయని మీకు తెలుసు. ఒంటి వేడిని బట్టి పొదల్లో దాక్కున్న మనిషిని కూడా పట్టేస్తాయి. వాటిని ఒక స్నేహదేశానికి అమ్మబోతున్నాం. అయితే అందులో ముఖ్యమైన భాగం ఇంకో మిత్రదేశానిది. వాళ్లు సరేననందే బయటికి పంపడానికి లేదు. ఆ సంప్రదింపులకు వాళ్ల అధికారులు ఇద్దరు వస్తున్నారు. ఇంత పెద్ద వ్యవహారం నా చేతిలో పెట్టడం ఇదే మొదలు. చెడితే ఇదే ఆఖరు కూడా.

వాళ్లు నిజమైన పల్లె నేల మీద పరీక్ష చూస్తామంటున్నారు. గుట్ట పక్కనున్న మీ నాలుగెకరాలు ఒక్క పూట ఇస్తారా? పిల్లల పెళ్లయిన దగ్గర్నుంచి మిమ్మల్ని నేను ఏమీ అడగలేదు.

ఎవరికీ చెప్పకండి. నిజానికి నేను మీకు ఇంత కూడా చెప్పకూడదు.

మీ వియ్యంకుడు,
ఫణిభూషణ్

తా.క.: సొరకాయలు ఇక చాలు.


అత్వెల్లి,
బుధవారం

బావగారూ, దండాలు.

ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కెమెరా పరీక్షా? బాగుంది. మా మేడ్చల్ వైపు భూమి కోసం వచ్చిన ఏ పార్టీ అయినా భూమి కోసం వచ్చామని చెప్పిందా? ఒకాయన మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయట, రుచి చూస్తానని వచ్చాడు. ఇంకొకాయన పిల్లలకు నెమళ్లను చూపిస్తానన్నాడు. ఇద్దరి వెంచర్లూ ఇప్పుడు హైవే పక్కనే ఉన్నాయి, నా భూమిలోనే. విదేశీ పార్టీ కనుక కెమెరా అంటున్నారు. నాకు అర్థమైంది, మీరేం ఇబ్బంది పడకండి.

ఒక్క మాట మాత్రం మనసులో దాచుకోలేను. నాకు మిగిలింది ఆ నాలుగెకరాలే. వచ్చినవాడు కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, "పటేలా, మీ మాట కోసమే వచ్చిన" అంటే కాదనడం నాకు రాదు. మిగతాదంతా అలాగే పోయింది. ఇదొక్కటి ఎవరికీ ఇవ్వనని మీ చెల్లెమ్మ విజయమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పాను. కందులు, కూరగాయలు అన్నీ అక్కడ ఆమె దగ్గరుండి వేయిస్తుంది. తెల్లారితే ఆమెకు అదే లోకం.

అయినా పిల్లనిచ్చిన ఇల్లు మీది. మొదటిసారి నోరు తెరిచి అడిగారు. మిమ్మల్ని ఎట్లా కాదంటాను? రానివ్వండి, చూసుకోనివ్వండి. చూడటానికి బాగుండాలని పొదలన్నీ పీకించి చదును చేయిస్తున్నాను. జేసీబీ మాట్లాడాను.

మీ
ప్రతాప్ రెడ్డి

తా.క.: విజయమ్మకు ఏమీ తెలియదు.

తా.క. ఇంకొకటి: మీరు మొహమాటపడుతున్నారని తెలుసు. సొరకాయలు నాలుగు పంపుతున్నాను.


కౌకూర్,
గురువారం

బావగారూ,

ముందు జేసీబీని ఆపండి. మిగతా ఉత్తరం తర్వాత చదవండి.

ఆపారా? సంతోషం. ఆ అతిథులు భూమి కొనరు. మళ్లీ చెబుతున్నాను, భూమి కొనరు. మీ పట్టా అడగరు, ఫలానా ధర అని ఎత్తరు. వాళ్ల పట్టింపులు వేరే ఉన్నాయి. ఈ కెమెరా ఎవరి చేతికి పోతుంది, వాళ్లు దాన్ని ఇంకెవరికీ అమ్మకుండా హామీ ఏమిటి, అసలు అది చెప్పినంత పని చేస్తుందా? వాళ్లడిగేవి ఇవే.

మా మనుషులు ఆరుగురు మీ పొదల్లో దాక్కుంటారు. మేము గుట్ట మీద నుంచి కెమెరాతో వెతుకుతాం. ఆరుగురూ దొరికితే సమ్మతి వస్తుంది. పొదలే లేకపోతే ఆ ఆరుగురూ నడిచేలో నిలబడి చెయ్యి ఊపాలి. దానికి కెమెరా ఎందుకు, మా పార్వతి చాలు.

ఆ పూట మీ వాళ్లెవరూ అటు రాకూడదు. ఇది మాత్రం చాలా ముఖ్యం.

మీ
ఫణిభూషణ్

తా.క.: మళ్లీ ఇంకోసారి, __భూమి కొనరు__. కింద గీత కూడా గీశాను.


అత్వెల్లి,
శనివారం

బావగారూ,

వాళ్లు కొనరని మూడుసార్లు రాశారు, కింద గీత కూడా గీశారు. పార్టీ చాలా గట్టిదన్నమాట.

జేసీబీని వెనక్కి పంపాను. అప్పటికి ఒక మూల కొంచెం గోకింది, పెద్దగా తెలియదు. పచ్చదనం ఉండాలని కోరుకునే పార్టీలు ఈమధ్య వస్తున్నాయి, ఫామ్‌హౌస్ వాళ్లు. పొదలకేమీ కాదు. హద్దులు స్పష్టంగా కనబడాలని చుట్టూ తెల్లరాళ్లు పాతించాను. అతిథుల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అని ఇషితతో చెప్పించారు కదా, అమ్మగారికి పోచంపల్లి చీర, అయ్యగారికి ధోవతుల చాపు తెప్పించాను. బొట్టుపెట్టి ఇవ్వడం మా పద్ధతి, వాళ్ల దేశం పద్ధతి ఏదైనా కానీ.

రేటు నా దగ్గర ఆలోచించి పెట్టుకున్నాను. చెబితే వాళ్లు వచ్చిన దారినే పరుగెత్తాలి. వాళ్లే వద్దని పోతే మీ మాటా నిలబడుతుంది, నా మాటా నిలబడుతుంది.

నిజం చెప్పాలంటే, ఈ నాలుగు రాత్రులూ నాకు నిద్ర సరిగ్గా లేదు.

మీ
ప్రతాప్ రెడ్డి

తా.క.: "గీ తెల్లరాళ్లేంది? మళ్ల ఎవడన్న వస్తుండా?" అని విజయమ్మ నిలదీసింది. ఆవులు దారి తప్పకుండా అన్నాను. "మనకు ఆవులెక్కడియి?" అంది.


కౌకూర్,
మంగళవారం

బావగారూ,

నిన్న మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి జరిగింది మీకు తెలుసు. అయినా గుట్ట మీద మాకెలా కనబడిందో తెలియాలని రాస్తున్నాను.

చీర, ధోవతులు అందుకున్నాక అతిథులు చాలా సంతోషంగా కెమెరా దగ్గరికి వచ్చారు. తెర మీద వెలుగుతున్న ఆకారాలు ఒక్కొక్కటే కనబడ్డాయి. నాలుగు, అయిదు, ఆరు. మా డైరెక్టరుగారు నా భుజం తట్టారు. అంతలో ఏడోది కనబడింది. ఆ తర్వాత పది దాటాయి. భుజం మీది చెయ్యి తీసేశారు. కంది చేలో ఒకటి, చింతచెట్టు వెనక రెండు, గోకిన మూలలో గుంపుగా కొన్ని. ఒక్కో ఆకారం చేతిలో పొడుగాటి కర్ర. సరిహద్దు కెమెరాలో ఇట్లాంటివి కనబడితే ఏం చేయాలో మాకు నేర్పుతారు. చెల్లెమ్మ లేచి నిలబడితే మాత్రం ఏం చేయాలో నేర్పలేదు.

ఆమె అరుపు గుట్ట దాకా వినబడింది. "మా భూమి అమ్మేది లేదు! ఎవడన్న చూసిపోదామని వస్తే చీపుర్లు తిరగేస్తం!" వెనకాల మీ ఊరి ఆడవాళ్లు కూడా చీపుర్లు ఎత్తారు. మీరు నా పక్కనే నిలబడి ఆకాశం చూస్తున్నారు.

నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. కానీ ఆ విదేశీ అమ్మగారు చప్పట్లు కొట్టారు. కంపెనీ తన మనుషులను తానే దాచి తానే వెతికే పరీక్షలు ఆమె చాలా చూశారట. కంపెనీకే తెలియని మనుషులను కెమెరా పట్టడం ఇప్పుడే చూశారట. అక్కడికక్కడే సమ్మతి ఇచ్చేశారు. బావగారూ, నిన్న రాత్రి పార్వతి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను, సంతోషంతోనే.

అయితే వాళ్లు ఒక షరతు పెట్టారు. ఏటా అదే నేల మీద పరీక్ష జరగాలి. ఒప్పందం నడిచినన్నాళ్లూ ఆ నాలుగెకరాలు అమ్మకూడదు, కట్టడం కట్టకూడదు, పొదలు కొట్టకూడదు. మీరు సంతకం చేయాలి, కాగితం ఇందులోనే పెట్టాను. అడగడానికే సిగ్గుగా ఉంది. ఆస్తి మీది. కాదంటే అర్థం చేసుకుంటాను.

మీ
ఫణిభూషణ్

తా.క.: ఆ రేటు ఎంత అనుకున్నారో మాత్రం చెప్పండి. ఊరికే తెలుసుకుందామని.


అత్వెల్లి,
బుధవారం

ప్రియమైన బావగారూ,

సంతకం చేసి పంపుతున్నాను. రెండు చోట్ల అడిగారు, నేను నాలుగు చోట్ల చేశాను.

ఇప్పుడు మీకు ఒక నిజం చెప్పాలి. మొన్న పొద్దున మీరు ఆశ్చర్యపోయింది చూసి నోరు విప్పలేకపోయాను. విజయమ్మను అక్కడికి పంపింది నేనే. ముందురోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని అంతా చెప్పేశాను. "బావగారిని నేను కాదనలేను, ఆ పార్టీని నువ్వే కాదను" అన్నాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. చెయ్యి కడుక్కుని చేను పనికొచ్చే సిద్దమ్మకూ దుర్గాబాయికీ ఫోను చేసింది, అంతే. వాళ్లు భూమి కొనరని మీరు నిజమే రాశారని నిన్న మీ ఉత్తరం చదివాకే నమ్మాను. మన్నించండి.

ఆ షరతు కాగితం నకలు ఒకటి అద్దంలో కట్టించి ముందరి గదిలో పెట్టాను. ఈ పొద్దునే ఇద్దరు వచ్చారు, నెమళ్ల పార్టీనే. చాయ్ తాగారు, "మీ మాట కోసమే వచ్చినం పటేలా" అన్నారు. నేను కాగితం చూపించాను. వాళ్లు చాలాసేపు చదివి లేచిపోయారు. జన్మలో మొదటిసారి ఒకరిని కాదన్నాను, అదీ నోరు తెరవకుండా. విజయమ్మ తలుపు చాటునుంచి చూసి నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో.

రేటు చెప్పను. ఇప్పుడు ఆ భూమికి రేటు లేదు.

మీ
ప్రతాప్ రెడ్డి

తా.క.: ఇది విజయమ్మ చెప్తుంటే రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చొద్దంది. "అన్నా, వచ్చే ఏడు ఎప్పుడొస్తరో జర ముందుగాల జెప్పుండ్రి, ఇంకా మంచిగ దాక్కుంటం. ఇగ సిద్దమ్మ ముచ్చట. ఎండకు తాళలేక బోరు కాడి హౌజు నీళ్లల్ల మెడ దాకా మునిగి, నెత్తిమీద తడి గోనెసంచి కప్పుకొని కూసున్నది. మీ ఉత్తరంల హౌజు ముచ్చటే లేదు, మీ కెమెరాకు ఆమె దొరకనే లేదు గదా. గీ సంగతి ఆ దేశపోళ్లకు జెప్పకుండ్రి అన్నా, వాళ్లు వద్దంటే మళ్ల మా పటేలుకు చాయ్ తాగేటోళ్లు వస్తరు."