గొర్రెపిల్ల వంతు

ఇబ్రి, ఒమాన్
ఫిబ్రవరి 1996

కనకవ్వకు దీవెనలు.

నేను బాగానే ఉన్నాను, ఒక్క బీపీ తప్ప. కొత్త వీసా కోసం మెడికల్ చేయిస్తే బీపీ ఎక్కువుందని డాక్టర్ సంతకం పెట్టలేదు. తగ్గకపోతే ఇంటికి పంపేస్తారట. కంగారుపడకు. నేను గొర్రెలు కాసే అర్బాబ్, అంటే మా యజమాని, వాళ్ల తల్లి సఫియా ముసలమ్మ రోజూ పొద్దున పులియబెట్టిన గొర్రెపాలు గిన్నెడు పోస్తోంది. డాక్టరిచ్చిన గోళీలూ మింగుతున్నాను. బీపీ దిగుతోంది. దేవుడి దయవల్ల ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండొచ్చు.

నీ భూమయ్య

తా.క. మొదటిరోజు వాసనకే ముక్కు మూసుకున్నాను. ఇప్పుడు నా గిన్నె కడిగే పని ముసలమ్మకు లేదు.

*

సునీత నాయినకు కనకవ్వ నమస్కారాలు.

నీ ఉత్తరం పక్కింటి నవీన చదివి వినిపించింది. ఇదీ తనే రాస్తోంది. కురుమల ఇంట పుట్టి గొర్రెపాలు తాగుతావా? అవి గొర్రెపిల్లల పాలని మన ఇళ్లలో ఎవరూ పిండరు కదా! మీ అన్న విని, "గంత దూరం పోయి గొర్రెపిల్లల నోరు కొడుతుండా?" అన్నాడు. వెంటనే మానెయ్యి.

కనకవ్వ

తా.క. ఆ గోళీలు కూడా వేడిచేస్తాయట. అవీ మానెయ్యి.

*

కనకవ్వకు దీవెనలు.

ఎవరి నోరూ కొట్టలేదు. పిల్లలు కడుపునిండా తాగాకే మిగిలింది పిండుతాం. పాలు పరీక్షించే ఆఫీసరొకడు మస్కట్ నుంచి వచ్చాడు. మన హైదరాబాద్ డ్రైవర్ నిసార్ అహ్మద్ అతని మాటలు నాకు విడమరిచి చెప్పాడు. పాలు పులిసేటప్పుడు అందులోని ప్రోటీను చిన్న చిన్న ముక్కలవుతుందట. వాటిని పెప్టైడ్లంటారట. వాటిలో కొన్ని రక్తనాళాల బిగువు సడలిస్తాయేమోనని పరీక్షలు చేస్తున్నారట. "మందని మాత్రం అనుకోకు, గోళీలు మానకు" అని కూడా ఆ ఆఫీసరు అన్నాడు. నీ నమ్మకం కోసం గొర్రెపిల్లను ఎత్తుకుని ఫోటో దిగాను. దాని పొట్ట చూడు.

భూమయ్య

తా.క. ఫోటోలో చిక్కిపోయినట్టు కనిపించేది నేను. పిల్ల కాదు.

*

సునీత నాయినకు,

ఇది నా చేతిరాత. నువ్వు పోయినప్పటి నుంచి రాత్రిబడికి పోయి నేర్చుకున్నాను. నవీన ముందు నోరు విప్పలేక ఇన్నాళ్లూ గొర్రెపిల్లల్ని అడ్డం పెట్టుకున్నాను. డాక్టర్ సంతకం పెట్టలేదని విన్నరోజు నాకు సంతోషమేసింది. మొగుడికి జబ్బు చేస్తే సంతోషమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా గోడలకు సున్నం వేశాను. నీ మంచానికి నులక బిగించాను. నువ్వేమో ఇంకో రెండేళ్లని రాశావు. అందుకే ఆ పాల మీద కోపమొచ్చింది. పాలు తాగు, గోళీలు మానకు. నీ ఒళ్లు బాగుంటే చాలు.

కనకవ్వ

తా.క. ఫోటోలో గొర్రెపిల్ల బలంగానే ఉంది. దాని వంతు దానికి అందింది. మన సునీత వంతు ఏది?

*

కనకవ్వకు,

నీ రాత కూడబలుక్కుని చదివి, మందలోకి పోయి చాలాసేపు కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ముసలమ్మ గిన్నె పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నిసార్ ఆమెకు నా సంగతి చెబితే, "నీ ఒళ్లు బాగుపడాలని పోశాను బిడ్డా, ఇల్లు మరిచిపోవాలని కాదు" అంది.

మొన్న మెడికల్ పాసయ్యాను. ఈసారి డాక్టర్ సంతకం పెట్టాడు. కొత్త వీసా కాగితం మీద నేనే పెట్టలేదు. జబ్బు తరిమితే రావడమెందుకు? బాగుండే వస్తున్నాను. ముసలమ్మ సీసాలో తోడు పోసిస్తానంది. మన గొర్రెపిల్లలు తాగాక మిగిలితేనే తోడువేద్దాం.

నీ భూమయ్య

తా.క. మంచం నులక కాస్త వదులు చెయ్యి. మరీ బిగువు మంచిది కాదని ఆఫీసరు చెప్పాడు.