బాపు నవ్విన సీరియల్

గోదావరిఖని

అన్నా, బాపు గురించి ఫికర్ పడకు, వేళకు తింటున్నాడు. అమ్మ పోయాక మొదటిసారి నవ్వాడు కూడా. పక్క క్వార్టర్ భీమశంకరం గారికి బ్రిటిష్ వాళ్ల పాత హాస్య సీరియల్ ఒకటంటే ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల కథ. ఆయన తెలుగులో చెబుతూ చూపిస్తుంటే ఇద్దరూ పగలబడి నవ్వేవారు. నిన్న ఆఖరి భాగంలో ఆ సిపాయిలు జోకులేసుకుంటూనే చావుకు ఎదురెళ్లారు. బాపు నా వైపు తిరిగాడు.

"మేం గూడ నవ్వుకుంటనే బొగ్గుబాయిల దిగేటోళ్లం బిడ్డా. భయమైతదని మీ అమ్మకు ఒక్కనాడన్న చెప్పలే" అన్నాడు.

వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? పచ్చడి జాడీ పంపు. పిల్లలకు ముద్దులు. వీలు చూసుకుని రా అన్నా, అమ్మకు చెప్పనివన్నీ బాపు ఇప్పుడు చెబుతున్నాడు.

నీ చెల్లె,
రాజకుమారి