అరచేతుల్లో వలయాలు

లాయిడ్ గారికి,

మీ ఫేబే వందనాలు. ఫోన్‌లో అయితే ఏడుపొచ్చి చెప్పలేను. అందుకే మీరున్న కాంప్‌బెల్ బేకి వెళ్ళే ఓడలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి మందు వాడాక అరచేతుల నిండా ఎర్రటి వలయాలు లేచాయి. ఒకదాంట్లో ఇంకొకటి, నడుమ నల్లబారిన చుక్క, గురిచూసి కొట్టే బోర్డు మీద ఉన్నట్టు. పెదవులు పుళ్ళు పడ్డాయి. మందు పడక వచ్చిన ఎరిథీమా మల్టీఫార్మీ, ఎవరికీ అంటదు అన్నారు డాక్టరు గారు. చీటీలో మాత్రం ఉత్త దద్దుర్లని రాశారు. ఆసుపత్రిలో రోగాలకి కోడ్‌లు వేసే పని నాదే కదా. దద్దుర్ల కోడ్ వేస్తే రేపు ఎవరైనా అదే మందు మళ్ళీ ఇస్తారు. రోగం పేరు, మందు పేరు రాయించుకుని, నా కాగితం మీద నేనే ఆ రోగం కోడ్ ఎల్ 51 వేసుకున్నాను, పక్కన మందు కోడ్ కూడా.

ఇంట్లో అత్తయ్య నా కంచం వేరు చేశారు. పాపని దగ్గరికి రానివ్వడం లేదు. చర్చికి వద్దన్నారు. పక్కింటి దీదీ అడిగితే నేను హాడోలో అమ్మ దగ్గరున్నానని చెప్పారు. అంటదని ఎంత చెప్పినా వినరు. గుమ్మం దగ్గర అన్నం పెట్టి వెళ్ళిపోతున్నారు. ఆదివారం పాపని తీసుకుని నిజంగానే అమ్మ దగ్గరికి పోతున్నాను. ఇక ఈ ఇంటికి రాను.

ఫేబే

ఏవండీ,

ముందు ఉత్తరం చూసి కంగారుపడి ఉంటారు. నేను వెళ్ళలేదు.

సంచి సర్దుతుంటే అత్తయ్య తలుపుకి అడ్డంగా కూర్చున్నారు. "బయటికెళ్తే చూస్తారే. చూస్తే తీసుకుపోతారు," అన్నారు.

ఎవరని అడిగితే అప్పుడు చెప్పారు. ఆవిడకి మేరి అని ఒక అక్క ఉండేదట. మీకెప్పుడైనా చెప్పారా? పెళ్ళీడు పిల్లకి చేతుల మీద మచ్చలు లేస్తే ఇరుగుపొరుగు కుష్టని గోల చేశారట. ఏ డాక్టరుకీ చూపించకుండానే మీ తాతగారు మెయిన్‌లాండ్ ఓడ ఎక్కించి, ఎక్కడో ఆశ్రమంలో వదిలి వచ్చారట. ఆ తర్వాత ఆమె పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అత్తయ్య నన్ను దాచిపెట్టారండీ, వెలివేయలేదు. కంచం వేరు చేసింది మాత్రం భయంతోనేనని ఒప్పుకున్నారు.

మర్నాడు ఆవిణ్ణి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. వలయాలు తగ్గుముఖం పట్టాయి, ఆ మందు మాత్రం ఇక జన్మలో వేసుకోవద్దు అన్నారాయన. అత్తయ్య నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నారు. లేవబోతూ అడిగారు.

"మా అక్కకీ ఇదే వచ్చిందేమో డాక్టరు గారూ?"

చూడనిదే చెప్పలేనమ్మా అన్నారాయన.

ఇంటికి రాగానే అత్తయ్య పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపల్నించి "అక్కా" అని ఒక్కసారే వినిపించింది. ఇంతవరకు ఏమీ తినలేదు.

సెలవు పెట్టి వచ్చే ఓడకి రండి. ఆవిడకి నేనొక్కదాన్నే చాలను.

మీ ఫేబే