ఖంగుమన్న బండ

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి మూడేళ్ళు. ఆ రోజు బావిలోకి దిగి, పక్కబండను సుత్తితో కొట్టి, చెవి ఆనించి, "ఖంగుమంటాండాది, పగులు లేదు" అని పైకి అరిచావు. కిందిరాయి తీయగానే ఆ బండే నీ మీద పడింది.

నేనిప్పుడు తిరుపతిలో యూనివర్సిటీ ల్యాబులో అటెండరుని. నిన్న మా సారు పగుళ్ళున్న రాతిముక్కను యంత్రంలో బిగించి, దాని గుండా ప్రకంపనలు పంపారు. మొదట నెమ్మదిగా వెళ్ళాయి. రాయిని నొక్కేకొద్దీ, పగుళ్ళే లేనట్టు దూసుకుపోయాయి.

"పగుళ్ళు మానినాయా సార్?" అన్నాను.

"యాడ మానినాయప్పా? ఒత్తిడికి మూసుకున్నాయంతే. వదిలితే మళ్ళీ తెరుసుకుంటాయి."

ఆ రోజు నీ చెవిని మోసం చేసిందీ బరువుకి మూసుకున్న పగులేనని అప్పుడర్థమైంది. ఇంటికి రాగానే తమ్ముడికి చెప్పాను. ఈ ఏడూ వానల్లేవు, పాకాల దగ్గర ఒక బావిని లోతు చేస్తున్నాడు వాడు. నవ్వేశాడు.

"నాయన నేర్పిన చెవి ఇది. పొద్దున్నే ఆ బావి పక్కబండను కొట్టి సూసినా, గంట మాదిరి మోగతాండాది."

అదే నా భయం, నాయనా. రేపు ఆ బండ కిందిరాయి తీస్తాడట. ఎంత చెప్పినా వినలేదు. పైన తాడు పట్టుకోవడానికి నన్నే రమ్మన్నాడు.

ఆ రోజు నీ తాడు పట్టుకున్నదీ నేనే.