మెటికలు

ఆగస్టు 5, మంగళవారం

ఈ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాగే మొదలైంది. చీకటితో లేచాను. హార్బర్లో ఓడ కూసింది. ఆయన ఉన్నప్పుడు ఆ కూత వినే, అది బొగ్గు ఓడ, ఇది నూనె ఓడ అని చెప్పేవారు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. నిజంగా తెలిసేదో, నన్ను ఆట పట్టించేవారో. నేను మాత్రం నమ్మేదాన్ని.

స్నానం చేసి, మేడమెట్ల దగ్గర చిన్న ముగ్గు వేసి, స్టవ్ మీద పాలు పెట్టి, పక్క సర్దాను. పెద్ద మంచం. గోడ వైపు ఆరేళ్లుగా ఎవరూ పడుకోవడం లేదు. అయినా దుప్పటి అంచు ఆ వైపు కూడా పరుపు కిందికి దోపుతాను. దోపుతుంటే వేలిలో టక్ మంది. నొప్పి లేదు. దీపం వెలిగించబోతూ చూసుకున్నాను. కుడిచేతి ఉంగరపు వేలు చివరి కణుపు దగ్గర వాలిపోయి ఉంది, దేవుడికి తల వంచినట్టు. రెండో చేత్తో లేపితే లేస్తోంది. వదిలితే వాలిపోతోంది.

పాలు పొంగిపోయాయి.

ఆగస్టు 6

ఎముకల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. టెండన్ తెగిందట, వేలి కొనను లేపి ఉంచే నరం లాంటిది. ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టి టేప్ చుట్టింది. ఆరు వారాలు, రాత్రీ పగలూ. కడుక్కోవడానికి తీసినప్పుడు వేలు బల్ల మీద చాపి ఉంచాలి, పక్కవాళ్లు కొన పట్టుకోవాలి. ఒక్కసారి వంగినా మళ్లీ మొదటికొస్తాం, రెండోసారి అతుకుతుందని మాట ఇవ్వలేను అంది.

ఇంట్లో ఎవరున్నారమ్మా అని అడిగింది. ఉన్నారన్నాను. దేవుడు ఉన్నాడు కదా. అబద్ధం కాదు.

ఆగస్టు 8, శుక్రవారం

తమ్ముడు సన్యాసిరాజు స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఏటప్పా ఇది, దుప్పటి దోపితే ఏలు తెగిపోద్దా, ఎవులికైనా సెప్తే నవ్వుతారు అన్నాడు. తనే నవ్వాడు. తర్వాత గది అంతా ఓసారి చూసి నవ్వు ఆపేశాడు. నీకు జొరమొస్తే నీళ్లిచ్చీవోళ్లు లేరిక్కడ, ఈ వన్ టౌన్ల ఏటుందని, ఇల్లు ఖాళీ సేసి గాజువాక వచ్చీ అన్నాడు.

ఆయన పోయినప్పటి నుంచీ అంటున్న మాటే. ఈసారి వదల్లేదు. చివరికి, ఈ వేలు బాగైతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు అన్నాను. ఎత్తనన్నాడు. బాగవకపోతేనో అన్నాడు. వచ్చేస్తానన్నాను.

నా నోటితో నేనే అన్నాను.

ఆగస్టు 11

దేవుళ్లకు బొట్టు మధ్యవేలితో పెడుతున్నాను. లక్ష్మీదేవికి కనుబొమ మీద పడింది. ఏమీ అనుకోలేదు.

ఆగస్టు 19

స్ప్లింట్ తీసి తుడుచుకోవడం ఒక్కదాన్నే నేర్చుకున్నాను. పీట మీద వేలు చాపి, కొన మీద ఇత్తడి ఆంజనేయస్వామిని నిలబెడతాను. కదలదు. కొండ మోసినవాడు, వేలు పట్టుకోలేడా? తప్పయితే క్షమిస్తాడు.

ఆగస్టు 27, వినాయక చవితి

ఉండ్రాళ్లు చెయ్యలేదు. ఒక్క చేత్తో గుండ్రంగా రావు.

కింది వాటాలో ఇంటావిడ అసిరమ్మ కుడుములు తెచ్చింది. ఒక్క ఏలికి ఇన్నాళ్లేటమ్మా, ఆ పలాస్టీకు ఊడబీకి నూనె రాసి నాను ఓపాలి లాగీసినానంటే తిన్నగైపోద్ది అంది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. నీ ఏలు నానేటి కొరికీస్తానా అని నవ్వుతూ వెళ్లిపోయింది.

సందులో పందిరి మైకు రోజంతా మోగింది. ఫోన్ మోగలేదు.

సెప్టెంబరు 4

ఇవాళ సహస్రనామం చదవడానికి తప్ప నా గొంతుతో పని పడలేదు.

సెప్టెంబరు 10, బుధవారం

రాయడానికి మనసొప్పడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న స్ప్లింట్ తీసి, వేలు పీట మీద పెట్టుకుని కూర్చున్నాను. వచ్చే వారం దీనితో పని తీరిపోతుందనుకుంటున్నాను. తలుపు తోసుకుని తమ్ముడి కూతురు దేవిశ్రీ వచ్చింది. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం, ఇవాళే చేరుతోంది. అంత దూరం నుంచి ముందు నా దగ్గరికి వచ్చింది. వంగపండు రంగు చీర. మెడలో ఐడీ కార్డు. సీర యూట్యూబ్‌ల సూసి కట్టీసినానత్తా, నడిస్తే ఊడిపోద్దేమోనని ఆటోలో ఊపిరి బిగబట్టుకుని కూకున్నాను అంది.

దాన్ని చూసి ఎన్నాళ్లైందో. లేచాను. రెండు చేతులా దాని చెంపలు నిమిరి, వేళ్లు ముడిచి నా కణతలకు ఆనించి నొక్కాను. మెటికలు విరిగాయి. అమ్మ మాకు అలాగే దిష్టి తీసేది. నేను వీళ్లందరికీ తీశాను. చేతులు నన్ను అడగలేదు.

ఆంజనేయస్వామి నేల మీద పడి ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. ఎడంచేత్తో పెడుతున్నందుకు ఏమీ అనుకోకు అని దాని నోట్లో పంచదార వేశాను. గుమ్మం దిగుతూ నా కొంగు వైపు చూసింది.

వేలు వాలిపోయింది. మొదటి రోజులాగే.

సెప్టెంబరు 11

మళ్లీ మొదటి నుంచి. ఈసారి డాక్టరమ్మ ధైర్యం చెప్పలేదు. ఎలా వంగిందని అడిగింది. బట్టలు పిండానన్నాను. ఇది మాత్రం అబద్ధమే. తమ్ముడికి ఫోన్ చేసి అదే చెప్పాను.

సెప్టెంబరు 14, ఆదివారం

సాయంత్రం అందరూ వచ్చారు. తమ్ముడు, మరదలు పుష్ప, దేవిశ్రీ, అనకాపల్లి నుంచి చెల్లెలు దుర్గ. నిర్ణయించారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ. దేవుళ్లకు అక్కడ టీవీ పక్కన అలమర. పెద్ద మంచం పట్టదు, అసిరమ్మకు ఇచ్చెయ్యాలి. నన్ను అడిగారు. మాటిచ్చాను కదా అన్నాను.

మిషన్ కొనిచ్చినాను కదప్పా, బట్టలు పిండడమేటి అన్నాడు తమ్ముడు. నేను చెయ్యి కొంగు కిందికి లాక్కున్నాను.

దేవిశ్రీ ఆ కొంగు వైపే చూసి, లేచి వచ్చింది. నా రెండు చెంపలూ నిమిరి, వేళ్లు ముడిచి తన కణతలకు ఆనించి నొక్కింది. పెద్దవాళ్లకు సేత్తారేటే ఎవులైనా అని పుష్ప నవ్వింది.

పది వేళ్ల మెటికలూ విరిగాయి.