పాతిక కుర్చీలు

బందరు,
మంగళవారం సాయంత్రం

ప్రియమైన కరుణక్కకు,

ప్రభువు పేరిట నీ చెల్లెలు సుశీల వందనాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ నేను క్షేమం. ఉత్తరంలో 'మేమందరం క్షేమం' అని రాసే అలవాటు కదా, చెయ్యి అటే పోయింది. ఉన్నది నేనొక్కదాన్నే. ఫోన్లో అయితే నీకు సరిగ్గా వినపడదు. బావగారు స్పీకరు పెడితే ఖరగ్‌పూర్‌లో మీ వీధి వీధంతా నా కష్టసుఖాలు వింటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

అక్కడ మీ ఊళ్ళోనే రైల్వే ఆసుపత్రిలో నర్సుగా అన్నేళ్ళు చేసి రిటైరయ్యాక, నాన్న పుట్టిన సీమ, సముద్రం పక్కన చిన్న ఊరు, ప్రశాంతంగా ఉండొచ్చని ఇక్కడ ఇల్లు కొన్నాను. నువ్వు వద్దన్నావు. "నీకక్కడ ఎవరున్నారే?" అన్నావు. నేను మూతి ముడుచుకుని రైలెక్కేశాను. తీరా వచ్చి చూస్తే ఊళ్ళో సముద్రం లేదు! మంగినపూడి దాకా ఆటోలో పోవాలి. వచ్చి ఆరు నెలలైంది, రెండుసార్లు చూశాను. దాని ఉప్పుగాలి మాత్రం రోజూ ఇంటికొస్తుంది. కిటికీ ఊచలు తుప్పు పట్టాయి, డబ్బాలో ఉప్పంతా నీరు కారిపోతోంది. నవ్వకు.

జనం మంచివాళ్ళే. "బాగున్నారాండీ" అని నోరారా పలకరిస్తారు. ఆ వెంటనే "మీరెవరి తాలూకండీ?" అంటారు. మా నాన్నది అవనిగడ్డ దగ్గర పల్లె అని చెప్తాను. "అక్కడెవరున్నారండీ ఇప్పుడు?" అంటారు. ఎవరూ లేరంటాను. ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు.

చేపల నాగమణి వారానికి రెండుసార్లు మా గేటు దగ్గర గంప దించుతుంది. చేపలు పోగులు పెట్టి అమ్ముతుంది, పోగు విడగొట్టదు. "ఒక్కరే ఎంతని తింటారండీ, ఇంకెవర్నైనా కలుపుకోండి" అంటుంది. ఎవరిని కలుపుకోను? పోగంతా కొని, పులుసు పెట్టి, మూడు రోజులు అదే తింటాను. సాయంత్రమైతే టీవీ పెడతాను. చూడను. ఇంట్లో మనిషి గొంతు వినపడాలి కదా అని. అక్కా, నీ దగ్గర దాపరికమెందుకు, ఒక్కోసారి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చేస్తున్నాను. కంగారు పడకు. బీపీ బాగానే ఉంది. వేళకి తింటున్నాను.

పోయిన శుక్రవారం సంగతి చెప్తాను విను. ఇక్కడి మన చర్చివాళ్ళు శుక్రవారాలు ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. ఈసారి మా ఇంట్లో పెట్టుకుంటానని పాస్టరుగారిని అడిగాను. ఆయన గుడివాడలో పెళ్ళికి వెళ్తూ, "పెట్టుకోండమ్మా, పెద్దవాళ్ళుంటారుగా, జరిపిస్తారు" అన్నారు. సంఘం వాట్సాప్ గ్రూపులో, ఆరింటికి అందరూ రండి అని పెట్టాను. దణ్ణం బొమ్మలు బోలెడు వచ్చాయి. ఇంకేం! ఇల్లు కడిగాను. పాతిక కుర్చీలు అద్దెకు తెప్పించాను. జీడిపప్పు వేసి ఉప్మా చేశాను, సెనగలు తాలింపు పెట్టాను.

ఆరైంది. ఏడైంది. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి నిలబడ్డాను. ఒక్కళ్ళు, అంటే ఒక్కళ్ళు రాలేదు. సరే, దేవుడికి చేస్తానన్న పని ఆపకూడదని పాట నేనే అందుకున్నాను. రెండో చరణం సగంలో ఆపేసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. కుర్చీలు తీసుకెళ్ళడానికి వచ్చినాయన "మీటింగు బాగా జరిగిందాండీ?" అన్నాడు. "బాగా జరిగిందండీ" అన్నాను. ఇంకేమనను? ఆయనకింత ఉప్మా కట్టిచ్చాను. మిగిలింది మర్నాడు రెండు పూటలా నేనే తిన్నాను. తింటూనే అనుకున్నాను, ఈ ఇల్లు అమ్మేసి నీ దగ్గరికొచ్చేస్తానని.

ఆదివారం చర్చి అయ్యాక మొహం మాడ్చుకుని వచ్చేస్తుంటే రత్నమ్మగారు ఆపారు. రిటైరైన టీచరు, సంఘంలో పెద్దావిడ, మా సందు మొదట్లో ఉంటారు. చూస్తే ఆవిడ మొహం నాకంటే మాడిపోయి ఉంది.

"ఏమ్మా సుశీలా, శుక్రవారం పొద్దున మా గుమ్మం ముందు నుంచే కూరలకి వెళ్ళావు. లోపలికొచ్చి ఒక్క మాట చెప్పకూడదూ?"

"గ్రూపులో పెట్టాను కదండీ."

"ఫోన్లో పెడితే పిలిచినట్టా? ఇంటికొచ్చి పిలవొద్దూ? పిలవని పేరంటానికి ఎట్లా వస్తామమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాతికమందికి వండుకుని కూర్చున్నానండీ నేను!" అని అరిచినంత పని చేశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేను మాత్రం? గంజిపెట్టిన చీర కట్టుకుని, దీపాలు పెట్టేదాకా అరుగు మీదే కూర్చున్నాను. ఇప్పుడైనా వచ్చి పిలుస్తావేమోనని."

మా రెండిళ్ళకీ మధ్య ఉన్నవి నాలుగిళ్ళు అక్కా.

నిన్నటి నుంచి ఇంటింటికీ తిరిగి పిలుస్తున్నాను. కాళ్ళు పీకుతున్నాయి. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేసి, టీ చేతికిచ్చి, "ఎవరి తాలూకండీ" అని మొదలు. నా వెంట రత్నమ్మగారు వస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే "మా సుశీలండీ" అంటున్నారు. దాంతో బెంగ తీరిపోయిందనుకోకు. తాళం తీసి లోపలికొస్తే మళ్ళీ ఆ ఖాళీ ఇల్లే. వచ్చే నెల మళ్ళీ మా ఇంట్లో కూడిక పెడుతున్నాను, ఎంతమంది వస్తారో తెలీదు. ఇల్లు అమ్మే మాట మాత్రం అప్పటిదాకా ఆపాను.

బావగారికి నా వందనాలు. పక్కింటి పెద్దమ్మగారిని అడిగానని చెప్పు. నా నల్ల గొడుగు మీ తలుపు వెనక ఉండిపోయింది. ఎవరికీ ఇచ్చి పంపకు, నేనే వచ్చి తీసుకుంటాను.

అవును, వస్తున్నాను. టికెట్టు తీసుకున్నాను. ఇక్కడ కొత్తింట్లో దిగినప్పుడు, మొదటి ప్రార్థనకి బావగారికి ఫోన్ చేసి "అక్కని తీసుకురండి" అన్నానే కానీ, నీతో ఒక్క మాటన్నానా? మీరు రాలేదని ఆరు నెలలు కోపం కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి నీ గుమ్మంలో నిలబడి, వినపడే చెవి దగ్గరే చెప్తాను, "అక్కా, మా ఇంటికి రా" అని.

నేను వచ్చేలోపు ప్రార్థనలో నన్ను తలుచుకో. వచ్చాక మాత్రం దాచకుండా నిజం చెప్పు. అప్పుడు నువ్వు కూడా పెట్టె సర్దుకుని కూర్చున్నావా?

నీ దీవెనలు కోరుకునే చెల్లెలు,
సుశీల