గేటు పుస్తకం

నంద్యాల,
12 నవంబర్ 2025.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు చిన్నమ్మకు, హోమ్‌లో ఉన్న నీ లూదియక్క వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం కుశలమే. ఆళ్లగడ్డలో నువ్వూ, పిల్లలూ, నీ ఆస్పత్రి డ్యూటీలూ బాగున్నాయని తలుస్తాను. ఫోన్‌లో చెప్పే మాట కాదు గనుక కాగితం పట్టుకున్నాను.

డిసెంబరులో మన అనాథ పిల్లల హోమ్‌కు అరవై ఏళ్లు నిండుతాయి. చరిత్ర రాసే పని కమిటీ సెక్రటరీ వెంకటేష్ గారు నా నెత్తిన పెట్టారు. నలభై అయిదేండ్లు ఈడనే ఉంటివి, నువ్వు గాకపోతే ఎవురు రాస్తారమ్మా అన్నారు. నిజమే, నా పాలపళ్లు ఇక్కడే ఊడాయి, ఇప్పుడున్నవీ ఇక్కడే ఊడుతున్నాయి.

మొదటి పేజీ సాఫీగానే సాగింది. కరువు ఏట చర్చి వెనక రేకుల షెడ్డు, తొమ్మిదిమంది పిల్లలు, హోమ్ పెట్టిన పెద్దయ్యగారు సైకిల్ మీద ఊరూరా అడిగి తెచ్చిన జొన్నలు. తర్వాతి పేజీ నీది. తల్లీ తండ్రీ లేని చెంచుపిల్ల ఇక్కడ పెరిగి నర్సయిందని రాయాలట, నిన్ను స్టేజీ ఎక్కించాలట. ఆ వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. రాయడానికి మనసు ఒప్పదు, రాయకపోతే ఎందుకని అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కమిటీ వెళ్లగొడితే నాకు వేరే గూడు కూడా లేదు.

మొన్న రెండో శనివారం మీ మారెన్న మామ వచ్చాడు. బంధువులను రానిచ్చే రోజు అదే కదా, నువ్వు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా ఆయన మరవడు. నీ ఆస్పత్రికి రావద్దన్నావట, అందుకని అహోబిలం పైనున్న గూడెం నుంచి రెండు బస్సులు మారి ఇక్కడికే వస్తాడు. మనిషి సగమయ్యాడు. మెట్టు మీద కూర్చుని, మా కోడలు బాగుండాదామ్మా, యాళకు అన్నం తింటాందా అని అడిగాడు. పోయి చూడరాదా అప్పా అన్నాను. వద్దులేమ్మా, నన్ను చూస్తే కోపమొస్తాది, ఈ తేనె నువ్వే పంపు అన్నాడు.

నీ కోపం నాకు తెలియనిదా! బతికున్న మేనమామ పిడికెడు మెతుకులు పెట్టలేక గేటు దగ్గర వదిలేశాడని ఎన్నిసార్లు నా ఒళ్లో ఏడ్చావు. అయినా అడుగుతున్నాను, స్టేజీ సంగతి తర్వాత, ముందు గూడేనికి వెళ్లు. ఆయనకు దగ్గు ఆగడం లేదు. నర్సువి, నీకు నేను చెప్పాలా.

ఇట్లు,
నీ మేలు కోరే
లూదియక్క

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. మారెన్న నీ మామ కాదు చిన్నమ్మా, నీ నాయన. మీ అమ్మ చనిపోయిన ఏడాది, మూడేళ్ల నిన్ను భుజాన ఎత్తుకొచ్చాడు. అప్పట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలనే చేర్చుకునేవారు. మేనమామనని రాయమ్మా, ఈడుంటే బిడ్డ బతుకుతాది అని నా చేతులు పట్టుకున్నాడు. చేతిరాత బాగుందని పిల్లలను చేర్చుకునే రిజిస్టరు నాచేత రాయించేవారు. పదిహేడేళ్లదాన్ని, తండ్రి లేడు అని రాశాను. చెబితే నిన్ను పంపేస్తారని మొదట భయపడ్డాను, తర్వాత నన్ను పంపేస్తారని.

ఇప్పుడే, చూడవచ్చిన బంధువుల పేర్లు రాసే గేటు పుస్తకం తెరిచాను. వచ్చే సోమవారం అది తనిఖీకి వెంకటేష్ గారి బల్ల మీదికి పోతుంది. శనివారం నాటి వేలిముద్ర పక్కన, సంబంధం అన్న గడి ఖాళీగా ఉంది. ముప్పై ఆరేళ్లుగా అందులో మామ అని నేనే నింపుతున్నాను. ఈసారి నాయన అని రాశాను.